యూరియా తాగిన సరుగుడు తోట

సముద్రపు ఒడ్డున మా ఇసుకపాలెంలో కోటిలింగం అనే మహా తొందరగొట్టు మనిషి ఉండేవాడు. ఎసరు మరగకముందే విస్తరి వేసుకుని కూర్చునే రకం!

వాడు సరుగుడు తోట వేశాడు. ఆ తోట వెనకే వాళ్ల అక్క నాంచారమ్మ వేరుశనగ చేను. ఆమెకున్నదల్లా ఆ నేల చెక్కే. సముద్రపు గాలి మోసుకొచ్చే ఇసుకకు ఆ తోటే అడ్డం.

వాన పడ్డప్పుడల్లా కోటిలింగం మొక్కల మొదట్లో యూరియా గుమ్మరించేవాడు. రెండో ఏటికే చెట్లు పక్కతోట కంటే నిలువెత్తు ఎక్కువ పెరిగాయి. వాడి పొగరు అంతకన్నా పెరిగింది. రాలిన సరుగుడాకునంతా ఊడ్చి తగలబెట్టేవాడు.

"కడుపునిండా యూరియా పెడుతుంటే ఈ చెత్తెందుకు?" అనేవాడు.

అది విని, ఊళ్లో అందరికన్నా పెద్దవాణ్ణి, నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క పూటలో వెయ్యి మొక్కలు నాటిన చెయ్యి నాది! "ఒరేయ్ మూర్ఖుడా! ఆ ఆకు కుళ్లితేనే ఇసుక నల్లబడి మట్టవుతుంది. ఇసుకను పట్టి ఉంచేది అదేరా! నోటి దగ్గరికే మేత వస్తుంటే వేరు లోతుకెందుకు దిగుతుంది?" అని గర్జించాను. ఆ గర్జనకు సముద్రం రెండు బారలు వెనక్కి తగ్గింది. వాడు మాత్రం తగ్గలేదు.

"తాతా, నీ కబుర్లు పెరిగినంత ఎత్తు నా చెట్లు ఇంకా పెరగలేదులే!" అని నవ్వాడు.

"నవ్వకురా కోటీ," అంది నాంచారమ్మ. "ఆ తోట పడితే నా చేను బతకదు."

"నీకెందుకు భయం అక్కా? నేనున్నాగా!" అన్నాడు వాడు.

వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళ, ఒక మధ్యాహ్నం గాలి లేచింది. నేను ఎదురు నిలిచిన తుపానుల ముందు అదొక ఆవలింత. పక్కతోటలో పొట్టి చెట్లు వంగి లేచాయి. కోటిలింగం చెట్లు మాత్రం వేళ్లతో సహా బోర్లా పడ్డాయి. పిడికెడంత వేళ్లు! వాటి కింద నల్లమట్టి జాడే లేదు, తెల్లటి ఇసుక తప్ప. ఆ ఇసుకంతా లేచి వేరుశనగ చేనును కప్పేసింది.

నాంచారమ్మ ఇసుకను చేతులతో తోడింది. తీగలన్నీ విరిగి ఉన్నాయి. ఆమె పడిపోయిన చెట్టు వేరు పట్టుకుని తమ్ముడి ముఖం ముందు ఊపింది.

"నేనున్నా అన్నావే, ఏడిరా నువ్వు?"

"ఇంకో రెండు బస్తాలు వేసుంటే నిలబడేవేమో అక్కా..."

"నోరు ముయ్! నా ఏడాది తిండి మట్టిలో కలిపి ఇంకా బస్తాలంటావా? నీ గడప తొక్కను పో!"

పులి చెవి పట్టుకుని ఆడించినవాణ్ణి నేను. ఆమె కళ్లు చూసి నేనే పక్కకు తప్పుకున్నాను.

కోటిలింగం మళ్లీ మొక్కలు నాటాడు. రాలిన ఆకును ఈసారి ముట్టుకోలేదు. నాంచారమ్మ మాత్రం ఆ ఏడాదంతా ఊరివాళ్ల చేలల్లో కూలికి పోయింది. తమ్ముడు ఎదురైతే ముఖం తిప్పుకునేది. తిప్పుకోదూ మరి!

నీతి: నేలకు తిండి పెట్టకుండా, వేరుకు వ్యవధి ఇవ్వకుండా పైపెరుగుదల కోసం తొందరపడేవాడు తాను కూలడమే కాదు, తనను నమ్ముకున్నవాళ్లనూ కూలుస్తాడు.