బుడ్డెమ్మ కుదురు

"కొండ కొండా పాకే తీగమ్మా,
గోరంత మందు పెట్టమ్మా..."

మూడో వరస బుడ్డెమ్మకి ఎప్పుడూ గుర్తు రాదు. చిన్నప్పుడెప్పుడో నేర్చిన పాట మరి. అక్కడ లాలల్లా అని సర్దేసి తవ్వుకుంటూ పోతుంది.

అనగనగా ఒక నిటారు కొండ మీద ఉండేది ఈ బుడ్డెమ్మ. ఏదుపంది. ఒళ్ళంతా ముళ్ళు, కాళ్ళకి గట్టి గోళ్ళు. కొండ మీద ఎవరికి జబ్బు చేసినా పిల్లితీగ దుంపలు తవ్వి ఇచ్చేది. ఆ పని నేర్పింది వాళ్ళ చింతాలవ్వ. నేర్పేటప్పుడు ఒకటే మాట చెప్పింది.

"ఎంత తవ్వినా కుదురుండాలి పిల్లా."

బుడ్డెమ్మకి కుదురెక్కడిది? నిమిషం నిలవదు. అవ్వ తన అల్లరి గురించే అందనుకుంది. అందుకని తోకైనా కదపకుండా, బుద్ధిగా కూర్చుని, తీగని మొదలంటా పెళ్ళగించేది.

కణుజు దుప్పి కడుపులో మంటగా ఉందని గుప్పెడు దుంపలు అడిగితే తట్టెడు ఇచ్చింది. నీరసమన్న కుందేలుకి ఇంకో తట్టెడు. తిన్నది కొంచెం, ఎండిపోయింది చాలా. అయినా అందరూ బుడ్డెమ్మది పెద్ద చెయ్యి అని మెచ్చుకున్నారు.

మూడోసారి కొండగొర్రె సోములమ్మ వచ్చింది. కవలలు పుట్టారట, పాలు పడలేదట. ఏడ్చి ఏడ్చి పిల్లల గొంతు పోయిందట. బుడ్డెమ్మ కొండవాలంతా వెతికింది. ఒక్క తీగా లేదు. ఎక్కడ చూసినా గుంటలే. ఆ గుంటలన్నీ తను తవ్వినవే.

పరుగున కొండకొమ్ము మీదున్న అవ్వ దగ్గరికి పోయింది. "ఒక్క తీగా మళ్ళీ మొలవలేదవ్వా. నేను కుదురుగానే తవ్వాను, తోక కూడా కదపలేదు" అంది.

అవ్వకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముళ్ళన్నీ గలగలలాడేలా నవ్వింది.

"ఓసి పిచ్చిదానా, నీ కుదురెవరడిగారే? తీగ కుదురు. దుంపలన్నీ పట్టుకుని ఉండే మొదలు. అది మట్టిలో ఉంటేనే కదా మళ్ళీ చిగురేసేది."

అవ్వ బొరియ పక్కన, బండ కింద, ఒకే ఒక్క తీగ మిగిలి ఉంది. బుడ్డెమ్మ తవ్వింది. కుదురు చుట్టూ తొమ్మిది దుంపలు. చెవుల్లో సోములమ్మ మాటలే. అన్నీ లాగేద్దామని చెయ్యి పోయింది. నాలుగు చాలకపోతే? ఇదీ పోతే, వచ్చే ఏడు పుట్టే పిల్లలకి? చివరికి అంచున ఉన్న నాలుగే తీసి, గుంట పూడ్చి, మట్టిని కాలితో అదిమింది.

సోములమ్మ వాటిని నమిలింది. మొదటి రోజు చుక్కలే పడ్డాయి. బుడ్డెమ్మకి తిండి సయించలేదు. మూడో రోజు చూస్తే కవలలిద్దరి మూతులకీ పాల నురగ.

బండ కింది తీగ ఎర్రటి పళ్ళు రాల్చింది. బుడ్డెమ్మ ఆ గింజలన్నీ ఏరి తన పాత గుంటల్లో వేసి మట్టి కప్పింది. తొలకరి పడిన రోజే అవ్వ అవతలి కొండకి, కూతురింటికి బయలుదేరింది. పోతూ పోతూ గుంటల దగ్గర ఆగింది. బుడ్డెమ్మ గోళ్ళకేసి చూసింది. ఇంకొక్క మాట చెప్పి వెళ్ళిపోయింది.

"మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూడకు పిల్లా."

నీతి: మందు మొక్కని అవసరమున్నంతే తీసుకుని మొదలు వదిలేస్తే, రేపు వచ్చేవాళ్ళకీ మందు ఉంటుంది.