నాగులప్ప చేతులు

ఊఁ కొడితేనే చెప్తాను, కునికితే ఆపేస్తాను. కొట్టారా? సరే.

మీ తాతలకు తాతలు పాలు తాగే రోజుల్లో, ఒక వీధినాటకాల మేళంలో నాగులప్ప అని ఒకడుండేవాడు. పాడడు, ఆడడు. ఎవరికి ఏ వేషమో తేల్చడమే అతని పని. వేషం అడిగినవాళ్ళ చేతులు పట్టుకుని చూసేవాడు. వణికితే ఇచ్చేవాడు, వణక్కపోతే పంపేసేవాడు. విడ్డూరం కాకపోతే ఏమిటి!

వేషం దొరికినవాడు నమ్మలేక "నేనేనా?" అనేవాడు. నాగులప్ప "నువ్వే" అనేవాడు. అనేసి, తెర వెనక చాప మీద కూర్చుని, తప్పు మనిషిని ఎంచానేమోనని ఆట ముగిసేదాకా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేవాడు.

ఒక ఏడు, మేళం ఏటా ఆడే ఊరి నుంచి ఊరిపెద్ద కబురు పెట్టాడు. "ఈసారి రాక్షసుణ్ణి చూసి జనం జడుసుకోవాల. లేదంటే మా ఊర్లో ఇంక మీ ఆట లేదు." ఆ ఊరు పోతే మేళానికి కూడు లేదు.

రాక్షసుడి వేషం అడగను ముగ్గురు వచ్చారు. మొదట వస్తాదు. చేతులు వణకలేదు. తర్వాత ఊరిపెద్ద బామ్మర్ది. అతనివీ వణకలేదు. చివర కుమ్మరి ఓబన్న, నలుగురిలో నోరెత్తనివాడు. అతని చేతులు గడగడ వణికాయి.

"నేనేనా మామా?"

"నువ్వే."

మేళమంతా తల పట్టుకుంది. "మా నోట మన్ను కొడితివి కదప్పా!" అన్నారు. నాగులప్పకు ఆ రోజు ముద్ద దిగలేదు. వాళ్ళన్నదే నిజమైతే?

పొద్దు గూకింది. దివిటీలు వెలిగాయి. మద్దెల మోగింది, ఓబన్న కదల్లేదు. మళ్ళీ మోగింది, కదల్లేదు. తెర అవతల జనం ఈలలు వేస్తున్నారు.

"నా వల్ల కాదు మామా. భయంగా ఉండాది."

నాగులప్ప తన రెండు చేతులూ చాచాడు. అవి ఓబన్న చేతులకన్నా ఎక్కువ వణుకుతున్నాయి.

"నాకూ భయమేరా. ఎప్పుడూ భయమే. వణికేవోడు జనాన్ని చూస్తాడు. వణకనోడు తన్ను తాను చూసుకుంటాడు. పో."

మూడోసారి మద్దెల మోగింది.

"నేనేనా?"

"నువ్వే."

ఓబన్న తెర దాటి ఒక్క అరుపు అరిచాడు. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. వస్తాదు లేచి పరుగెత్తాడు. ఊరిపెద్ద పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆట ముగిశాకగానీ వదల్లేదు. "వచ్చే ఏడూ మీరే రావాల!" అన్నాడు.

ఓబన్న తెర వెనక్కి ఉరికాడు. "మామా, జడుసుకున్నారు!"

నాగులప్ప చాప మీద గుంజకు ఆనుకుని ఉన్నాడు. ఓబన్న అతని చేతులు పట్టుకున్నాడు. అవి చల్లబడి ఉన్నాయి, వణకడం లేదు.

ఇప్పటికీ ఆ సీమలో తెర వెనక నాగులప్ప పేరున ఒక చాప ఖాళీగా పరుస్తారు. వేషగాడు దాని ముందు చేతులు చాచి "నేనేనా?" అంటాడు. మేళమంతా "నువ్వే" అంటుంది. చేతులు వణకనివాణ్ణి మాత్రం ఆ చాప మీదే కూర్చోబెడతారు, వణుకు వచ్చేదాకా.