పైడయ్య మేస్త్రి ముగ్గురు శిష్యులు

బొండుపాలెంలో గవరయ్య, ఎర్రన్న, తవుడు అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. ఊళ్ళో తెలివైనవాళ్ళెవరని అడిగితే ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తేవారు. "ఎవరేం చెబితే అది చెప్పినట్టే చేస్తాం. ఇంతకంటే తెలివేం కావాలి?" అని పెద్దవాడు గవరయ్య మీసం దువ్వుకునేవాడు.

ఆ ఊళ్ళోనే పైడయ్య మేస్త్రి ఉన్నాడు. మట్టిగోడలు లేపి, తాటాకు కప్పి, గుండ్రటి చుట్టిల్లు కట్టడంలో ఆయనకు సాటి లేరు. ఆయన కట్టిన ఇల్లు ఏ గాలివానకూ కదల్లేదు. కానీ డెబ్బై ఏళ్ళొచ్చాయి. మోకాళ్ళు పోయాయి. పని నేర్చుకుంటానని వచ్చినవాడు ఒక్కడూ లేడు. తనతోనే ఈ పని పోతుందని ఆయన దిగులు. అలాంటప్పుడు గవరయ్య తమ్ముళ్ళతో వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. గవరయ్యకైతే అప్పుడే తానూ మేస్త్రినయిపోయానని గుండె పొంగింది.

ఆ వారమే ముసలి అప్పయ్యమ్మ కబురు పెట్టింది. పాత ఇల్లు కురుస్తోంది, వానలు పడేలోగా పక్కనే కొత్తది కావాలి. మేస్త్రి వెళ్ళి నేల మీద గుండ్రంగా ముగ్గు గీశాడు. "తాటాకు చూసొస్తాను. ఈలోగా పునాది తీసి ఉంచండి" అని వెళ్ళాడు.

ముగ్గురూ ముగ్గు చుట్టూ తిరిగారు.

"అన్నా, ఇక్కడ పునాదే లేదు. లేనిదాన్ని ఎలా తీస్తాం?" అన్నాడు తవుడు.

గవరయ్య బాగా ఆలోచించాడు. "పునాది ఇల్లున్న చోట ఉంటుందిరా. అదుగో ఇల్లు!"

ఇంకేముంది, అప్పయ్యమ్మ వంటింటి కింద గునపాలు దించారు. రాయీ రాయీ పీకి చక్కగా పేర్చారు. వంటింటి గోడ పక్కకి ఒరిగింది. అప్పయ్యమ్మ అన్నం కుండతో బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఓరి నాయనో, నా ఇల్లు కూలుతోందర్రా!"

"భయపడకు మామ్మా. మాక్కావలసింది పునాదే. ఇల్లు నువ్వే ఉంచుకో" అన్నాడు గవరయ్య.

మేస్త్రి వచ్చి చూసి నెత్తి బాదుకున్నాడు. "గోడ కట్టండిరా, తొందరగా కట్టండి!" అని అరిచి, జనాన్ని పిలవడానికి కుంటుకుంటూ పరుగెత్తాడు.

కట్టాలంటే తాడు కావాలి కదా! ఎర్రన్న పలుపుతాడు తెచ్చి కిటికీలోంచి దూర్చి గోడకి ముడేశాడు. రెండో కొస దేనికి కట్టాలి? ఎదురుగా ఎద్దు నిలబడి ఉంది. దాని మెడకి కట్టారు. అంతే! ఎద్దుకి దాహమేసి కుడితి గోలెం వైపు నడిచింది. దాని వెనకాల గోడ, గోడ వెనకాల కప్పు.

"గోడ ఏదిరా?" అన్నాడు మేస్త్రి, మనుషులతో తిరిగొచ్చి.

"గట్టిగా కట్టాం మేస్త్రీ. ఎద్దు పట్టుకెళ్ళింది."

అప్పయ్యమ్మ పొరుగింటి అరుగు మీదకి చేరింది. ఆకాశం మబ్బు పట్టింది. ఇక లాభం లేదని మేస్త్రి తానే మట్టిలో దిగాడు. కొత్త గోడ ఛాతీ ఎత్తు లేచింది. అప్పుడు, "గోడ నిటారుగా ఉందో లేదో గుండు పెట్టి చూడరా" అన్నాడు. ఆయన అన్నది దారానికి కట్టిన ఇనప గుండు సంగతి.

గవరయ్య నెత్తి తడుముకున్నాడు. జుట్టుంది. అంటే ఇది గుండు కాదు. తిన్నగా మంగలి దగ్గరికెళ్ళాడు, తమ్ముళ్ళూ వెళ్ళారు. ముగ్గురూ నున్నగా తిరిగొచ్చి పచ్చి గోడకి తలలు ఆనించారు.

"చాలా చల్లగా ఉంది మేస్త్రీ!"

గోడకి మూడు గుంటలు పడ్డాయి. మేస్త్రి కర్ర ఎత్తాడు. కానీ గవరయ్య ఆ గుంటల్ని అరచేత్తో పూడుస్తూ, "మాకు ఈ పని రాదా మేస్త్రీ?" అని ఏడుపు గొంతుతో అడిగాడు. మేస్త్రి కర్ర కింద పడేశాడు. వాడి చెయ్యి పట్టుకుని, మట్టి మీద ఎంత నొక్కాలో నొక్కి చూపించాడు.

అంతే, ఆనాటి నుంచి మాటలు బంద్. ఆయన తొక్కితే వాళ్ళూ తొక్కారు. ఆయన అలికితే వాళ్ళూ అలికారు. ఇరవై రోజుల్లో చుట్టిల్లు ముద్దొచ్చేలా లేచి నిలబడింది.

గృహప్రవేశానికి ఊరంతా వచ్చింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మేస్త్రి సంతోషం పట్టలేక నోరు తెరిచాడు. "ఒరే, కట్టినవాళ్ళు మీరు, ముందు మీరే! కుడికాలు లోపల పెట్టండి!"

ముగ్గురూ కుడికాలు గుమ్మంలోపల పెట్టారు. పెట్టి అక్కడే ఆగారు. ఇరుకు గుమ్మం, చీమ దూరే సందు లేదు. వాన జోరందుకుంది. అప్పయ్యమ్మ పాలకుండలో నీళ్ళు నిండాయి.

"దారి వదలండిరా!" అని మేస్త్రి గొంతు చించుకున్నాడు.

గవరయ్య వెనక్కి తిరిగి ఖాళీ చేతులు రెండూ చూపించాడు. "దారిని మేం పట్టుకోలేదు మేస్త్రీ!"

ఆ రోజు ఊరు మొత్తంలో తడవకుండా మిగిలినవి మూడంటే మూడే కుడికాళ్ళు.