ఏరు దాటిన ఆకలి

పెదరేవు ఊళ్ళో ఎవరికి ఎంత తెలివుందో నాకు తెలీదు గానీ, పడవ నడిపే కూర్మయ్య ఇంట్లో మాత్రం తలా ఓ పుట్టెడు ఉందని ఆ ఇంటి నలుగురి నమ్మకం. మబ్బు పట్టిందంటే ఊరంతా ఇళ్ళలోకి పరిగెత్తేది. వీళ్ళు మాత్రం బిందెలు తెచ్చుకుని నెత్తిన గుమ్మరించుకునేవాళ్ళు. ముందే తడిసిపోయిన వాణ్ణి వానేం చేస్తుంది? అదీ వాళ్ళ ముందుచూపు. "మన తెలివి గడప దాటనివ్వకండర్రా, దిష్టి తగులుతుంది" అని కూర్మయ్య తల్లి గున్నమ్మ రోజూ చెప్పేది. ఆ తెలివి ఒక్కనాడూ గడప దాటలేదు, నిజమే.

ఆ ఇంట్లో అన్నానికి కూర్చుంటే రెండు కట్టుబాట్లు. మారు వడ్డించకుండా ఎవర్నీ లేవనివ్వకూడదు. కంచంలో మెతుకు వదలకూడదు. ఇవి మన ఇళ్ళలోనూ ఉన్నవేగా అంటారా, ఉన్నాయి. మనం ఎక్కడో ఓ చోట ఆపుతాం. వాళ్ళు మాటంటే మాట మీద నిలబడే మనుషులు. కూర్మయ్య కంచంలో అన్నం ఉండగానే పప్పు అయిపోయేది. ఉత్త అన్నం ఎలా దిగుతుంది? పెళ్ళాం పైడమ్మ పప్పు వేసేది. ఈసారి పప్పు మిగిలి అన్నం అయిపోయేది. పప్పు పారేస్తామా? గున్నమ్మ అన్నం పెట్టేది. ఎప్పుడో ఏ ఆర్నెల్లకో రెండూ ఒక్కసారి అయిపోయాయే అనుకోండి, "అయ్యో, మారు వడ్డించలేదే" అని మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళు. కుండ అడుగు కనబడితే తప్ప కూర్మయ్య లేచింది లేదు.

ఇంకేముంది, రెండేళ్ళు తిరిగేసరికి పడవ వెనకభాగమంతా కూర్మయ్యే అయ్యాడు. వెనక అతను కూర్చుంటే ముందు భాగం గాల్లోకి లేచేది. ముందు కూర్చున్న వాళ్ళకి ఏరు కనబడేది కాదు, ఆకాశమే. ఓ రోజు నడి ఏట్లో పడవలోకి నీళ్ళొచ్చి, సంతకెళ్తున్న ముసలమ్మ వంకాయల గంప తేలిపోయింది. ముసలమ్మ తిట్టిన తిట్లకి రేవు పెద్ద సత్యన్నాయుడు గారు రేవులోకి రాక తప్పలేదు.

"ఒరే కూర్మయ్యా, మీ తాత నాటి నుంచీ ఈ రేవు మీది, కాదనను. పదిమందిని మోసిన పడవ ఇవాళ నలుగురికే మునిగేలా ఉంది. మూడో పున్నమి నాడు మేం తొమ్మిదిమందిమి ఎక్కుతాం. ఒక్క చుక్క నీళ్ళు లోపలికి రాకుండా పడవ సాగితే రేవు నీకే. లేదంటే అవతలి ఒడ్డు వాళ్ళకి ఇచ్చేస్తాం" అన్నారాయన.

కూర్మయ్యకి తెడ్డు వెయ్యడం తప్ప ఇంకో పని రాదు. తెడ్డు చేతిలో ఉంటేనే అతనో మనిషి, నలుగురూ పిలిచే పేరున్నవాడు. భయమేసింది. భయమేస్తే ఏం చేస్తాడు? ఇంటికెళ్ళి కుండెడు చద్దన్నం తిన్నాడు. కడుపు నిండింది, భయం పోలేదు. భయం పట్టేంత ఖాళీ ఇంకా లోపలెక్కడో ఉండిపోయిందనుకుని, దాని మీద బెల్లం ముక్కా, అటుకులూ కూడా వేశాడు. భయం అలాగే ఉంది. మర్నాడు తనని చూసుకుంటే తనకే అసహ్యమేసింది, ఆ అసహ్యానికి మళ్ళీ తిన్నాడు.

పక్క ఊళ్ళో మందులిచ్చే మంగాయమ్మ దగ్గరికి నలుగురూ కలిసి వెళ్ళారు. ఆవిడ నాడి చూడలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, "ఎప్పుడెప్పుడు తింటావు నాయినా?" అని అడిగింది.

"రేవులో జనం లేకపోతే ఊసుపోక తింటానమ్మా. ఎవరన్నా తిడితే బాధేసి తింటాను. అమ్మ పెడితే అమ్మ కోసం తింటాను. పైడి పెడితే, అమ్మ పెట్టింది తిని తను పెట్టింది తినలేదంటుందని తింటాను."

"మరి ఆకలేసి?"

కూర్మయ్య వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "దానికి ఖాళీ దొరకడం లేదమ్మా" అన్నాడు.

మంగాయమ్మ నవ్వలేదు. "నీ ఆకలి అలిగి ఎక్కడికో పోయింది. దాన్ని మళ్ళీ పిలుచుకురావాలి. ముందు చిన్న కంచంలో తిను. ప్రతి ముద్దా పన్నుకొక్కసారి చొప్పున ముప్ఫై రెండుసార్లు నములు" అని చెప్పి పంపించింది.

ఇదెంత పని అనుకున్నారు వాళ్ళు. పైడమ్మ ఇల్లంతా వెతికి, ఉప్పు వేసుకునే చిన్న మూకుడు తెచ్చి కూర్మయ్య ముందు పెట్టింది. అందులో పట్టేది ఒక్క ముద్ద. మూకుడు ఖాళీ అయితే మళ్ళీ నింపింది. "ఆగవే, మూకుడు మూకుడుకీ మారు వడ్డించాలి" అని గున్నమ్మ పైనుంచి ఇంకో ముద్ద వేసింది. అంతే, పెద్ద కంచంలో నాలుగు మార్లతో పోయేది, చిన్న కంచంలో నలభై మార్లయింది.

ఇక నమలడం. తమ్ముడు తవిటయ్య అన్న నోట్లో వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టాడు. ఇరవై ఏడే ఉన్నాయి.

"అయిదు తక్కువన్నా."

"ఇప్పుడేటి దారి?"

"నేను లేనా? తోడబుట్టినవాణ్ణి. ఆ అయిదూ నేను నమిలిపెడతా."

ఉత్త నోరు నమిలితే అది నమలడం ఎలా అవుతుంది? అందుకని తవిటయ్య కూడా నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. అన్న ఇరవై ఏడుసార్లు నమిలేవాడు, తమ్ముడు అయిదుసార్లు నమిలి మింగేవాడు. ఒక ముద్దకి ఇద్దరు తినడం మొదలెట్టారు. పొద్దున్న కూర్చుంటే పొద్దు వాలేదాకా ఆ నమలడం తెమిలేది కాదు. రేవులో జనం కేకలేసి కేకలేసి గొంతులు పోగొట్టుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. పదిహేను రోజులకి కూర్మయ్య ఎక్కడివాడక్కడే ఉన్నాడు గానీ, చువ్వలా ఉండే తవిటయ్యకి పంచె చుట్టు తిరగడం మానేసింది.

మళ్ళీ మంగాయమ్మ దగ్గరికి పోయారు. ఆవిడ తవిటయ్య బొజ్జకేసి చూసి, జరిగిందంతా విని, నుదురు పట్టుకుంది. "ఆ లెక్కలన్నీ వదిలెయ్యండి. సగం కడుపు అన్నానికి, పావు నీళ్ళకి, మిగతా పావు ఖాళీగా ఉంచాలి. మన పెద్దవాళ్ళు అలాగే తినేవాళ్ళు" అంది.

ఇంటికి రాగానే కూర్మయ్యని వెల్లకిలా పడుకోబెట్టారు. పైడమ్మ తడి పిండితో కడుపు మీద నిలువుగా ఓ గీత గీసింది. ఎడమవైపు సగం అన్నానిది. కుడివైపు సగాన్ని అడ్డంగా రెండు చేసి, పైది నీళ్ళకీ కిందది ఖాళీకీ ఇచ్చింది. గీతలు ముచ్చటగా వచ్చాయని మధ్యలో ఓ ముగ్గు కూడా పెట్టింది.

"మరి అన్నానికి తన వాటా ఏదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు తవిటయ్య. అందరికీ ఆ అనుమానం సబబుగానే తోచింది. అందుకని కూర్మయ్య ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుని అన్నం తిన్నాడు. నీళ్ళు తాగేటప్పుడు కుడి పక్కకి తిరిగాడు. నీళ్ళు కిందికి జారి ఖాళీ వాటాలోకి పోకుండా తవిటయ్య కాళ్ళెత్తి పట్టుకున్నాడు. గున్నమ్మ ఖాళీ వాటా మీద అరచెయ్యి ఆనించి, "ఇటు రాకండమ్మా, ఇటు చోటు లేదు" అని లోపలి అన్నానికి నచ్చజెప్పింది.

నాలుగు రోజులు బాగానే గడిచింది. అయిదో రోజు చెమటకి గీతలు చెరిగిపోయాయి. పైడమ్మ మళ్ళీ గీసేటప్పుడు తలవైపు నిలబడాల్సింది కాళ్ళవైపు నిలబడి గీసింది. ఇంకేముంది, కుడి ఎడమైంది. తిన్న అన్నమంతా నీళ్ళ వాటాలోనూ ఖాళీ వాటాలోనూ కూర్చున్నట్టు లెక్క తేలింది.

"దాన్ని దాని చోటికి జరపాలి" అంది గున్నమ్మ.

"దొర్లిస్తే జరుగుతుంది" అన్నాడు తవిటయ్య.

ముగ్గురూ కలిసి కూర్మయ్యని ఏటి గట్టు మీదికి తీసుకెళ్ళి పడుకోబెట్టి ఓ తోపు తోశారు. గట్టు ఏటవాలు. కూర్మయ్య దొర్లాడు, దొర్లి చాకిరేవులో ఆరేసిన బట్టలన్నీ ఒంటికి చుట్టుకుని మరీ దొర్లాడు, చివరికి ధబాలున ఏట్లో పడ్డాడు. ఊళ్ళో సగం మంది చీరలూ పంచెలూ అతనితో పాటే నీళ్ళపాలయ్యాయి. ఒడ్డున వాళ్ళు తిట్టారు, నవ్వారు.

ఆ రోజు కూర్మయ్య అన్నం దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఏడుస్తూనే తింటున్నాడు. "నాకు ఆకలిగా లేదే పైడీ. అయినా చెయ్యి ఆగడం లేదు. నా చెయ్యి నా మాట వినకపోతే పడవ ఎలా వింటుంది? రేవు పోతుందే" అన్నాడు. పైడమ్మ వింటూనే లేచింది. చెంగు దోపుకుని ఒక్కతే మంగాయమ్మ దగ్గరికి పోయింది.

మంగాయమ్మ అప్పటికే విసిగిపోయి ఉంది. "గీతలొద్దు, లెక్కలొద్దు తల్లీ. ఆ అన్నం కుండని మీ ఆయనకి దూరంగా, కంటికి కనబడకుండా పెట్టు. నిజంగా ఆకలేస్తే తనే దాని దగ్గరికి వెళ్తాడు" అంది.

దూరమంటే ఎంత దూరం? పెరట్లో పెడితే కనబడుతుంది. పక్కింట్లో పెడితే వాసనొస్తుంది. పైడమ్మ బుర్ర గోక్కుని, కుండా, పొయ్యిరాళ్ళూ, బియ్యం బస్తా, గరిటెలూ అన్నీ పడవలో వేయించి అవతలి ఒడ్డుకి చేర్చింది. వడ్డించే మనిషి కూడా కావాలి కదా అని గున్నమ్మనీ తీసుకెళ్ళింది. ఏటికి అవతల రెల్లుగడ్డి వెనకాల అత్తాకోడళ్ళు కాపరం పెట్టారు. మొగుడూ మరిదీ ఇవతల ఉన్నారు.

అంతే, కథ అడ్డం తిరిగింది.

మొదటి రోజు కూర్మయ్య ఒక్క ముద్ద కోసం ఏరంతా తెడ్డేసుకుంటూ పోయాడు. ఒళ్ళు పులిసిపోయింది. మర్నాడు ఎవరో ఏదో అన్నారు, మనసు చివుక్కుమంది. వెంటనే తినాలనిపించి పడవెక్కాడు. నడి ఏట్లోకి వచ్చేసరికి చల్లటి గాలి తగిలింది, బాధ ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు వెళ్ళి ఏం తినాలో తోచక పడవ తిప్పేశాడు. ఇంకో రోజు ఊసుపోలేదు. లేచి నిలబడి ఏటి వెడల్పు చూశాడు. "అంత దూరం పోయేంత లేదులే" అని కూర్చుని తవిటయ్యతో కబుర్లాడాడు. ఆ సాయంత్రం మాత్రం కడుపులో ఏదో కదిలింది. గుర్‌మంది. కూర్మయ్య ఉలిక్కిపడి చుట్టూ చూశాడు.

"తవిటీ, ఇదేటిరా?"

తవిటయ్య అన్న కడుపుకి చెవి ఆనించి విన్నాడు. "ఆకలి లాగుందన్నా. తిరిగొచ్చేసింది."

కూర్మయ్యకి చిన్నప్పటి నేస్తం ఇంటికొచ్చినట్టయింది. ఏరు దాటించేది ఆకలి, దాటకముందే చల్లారేది ఇంకేదో అని అతనికి అప్పుడు తెలిసింది. తెలివైన ఇంట్లో పుట్టినందుకు ఇన్నాళ్ళకి ఒక మాట అతని అంతట అతనికే తెలిసింది.

అవతల తింటూ ఉంటే ఇవతలి నుంచి జనం "పడవోయ్" అని కేకేసేవాళ్ళు. ఓ రోజు అలా కేకేస్తే కూర్మయ్య కంచంలో రెండు ముద్దలు వదిలేసి లేచాడు. గున్నమ్మ గరిటె పట్టుకుని నోరు తెరుచుకుని ఆకాశంకేసి చూసింది. చాలాసేపు చూసింది. ఆకాశం విరిగి పడలేదు. ఆవిడకి కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

"నేను పెట్టింది వద్దా కొడకా?" అంది.

"అమ్మా, నువ్వు పెట్టినా పెట్టకపోయినా నువ్వంటే నాకిష్టమేనే."

గున్నమ్మ ముక్కు చీది, "ఆ మాట ముందే చెప్పి ఉంటే రెండు బస్తాల బియ్యం మిగిలేవి కదరా" అంది.

రెండు నెలలు అలా గడిచాయి. మూడో పున్నమి నాటికి కూర్మయ్య పంచె రెండు చుట్లు తిరిగింది. అత్తాకోడళ్ళు కూడా కుండా గరిటెలూ సర్దుకుని ఇవతలికి వచ్చేశారు. ఊరంతా రేవులో చేరింది. సత్యన్నాయుడు గారు కూర్మయ్యని ఎగాదిగా చూసి, "ఫరవాలేదురా, మనిషివయ్యావు" అన్నారు. ఆయనా, ఇంకో ఎనిమిదిమంది పెద్దలూ పడవెక్కి కూర్చున్నారు. పడవ అంచు నీళ్ళకి బెత్తెడు పైన నిలిచింది.

కూర్మయ్య తెడ్డు పట్టుకుని ఒక కాలు లోపల పెట్టాడు. అంచు రెండంగుళాలు దిగింది. ఇంకా నీళ్ళకి పైనే ఉంది, అలాగే పోనిచ్చినా గెలిచేవాడే. కానీ అతనికి ధైర్యం చాలలేదు. మూడు నెలల కష్టం, తాతల నాటి రేవు, అంతా ఆ రెండంగుళాల్లో ఉంది. కాలు వెనక్కి తీశాడు. అంచు మళ్ళీ పైకి లేచింది. కాలు పెట్టాడు, దిగింది. తీశాడు, లేచింది.

"అన్నా, బరువంతా నీ దగ్గరే ఉంది" అన్నాడు తవిటయ్య మెల్లిగా.

"అవున్రా. ఇంత తగ్గించినవాణ్ణి, ఆ మిగిలింది మాత్రం ఎందుకు పెట్టడం?"

అంతే, నలుగురూ కలిసి పడవని ఒక్క తోపు తోశారు. పడవ పువ్వులా తేలి నడి ఏట్లోకి పోయింది. అక్కడ వడి అందుకుని గిర్రున ఓ చుట్టు తిరిగి, సముద్రం వైపు సాగింది.

"ఒరే, నువ్వెక్కలేదేట్రా? తెడ్డేదిరా?" అన్నారు నాయుడు గారు పడవలోంచి.

"తెడ్డు కూడా బరువే కదండీ, నా దగ్గరే ఉంచాను. మీరు నిశ్చింతగా కూర్చోండి" అని ఇవతలి నుంచి కూర్మయ్య ధైర్యం చెప్పాడు.

తొమ్మిదిమంది పెద్దలూ చేతులూపుతూ మలుపు దగ్గరికి పోయారు. వీళ్ళు నలుగురూ కూడా మర్యాదగా చేతులూపారు. పడవ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. కూర్మయ్యకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తెడ్డుని గుండెకి హత్తుకుని తల్లికేసి తిరిగాడు.

"చూశావా అమ్మా, ఒక్క చుక్క నీళ్ళు లోపలికి రాలేదు. ఇక ఈ రేవు మనదే."