అందిందమ్మ గుట్ట మీద బొంత మొక్కు

గుండ్లవాగుకు ఇవతల ఎర్రగుట్ట, అవతల నల్లగుట్ట. నల్లగుట్ట మీద వెలసిన అమ్మవారిని భక్తులు అందిందమ్మగా కొలుస్తారు. మొక్కు చెల్లించేవారు మాత్రం ముందుగా ఎర్రగుట్ట ఎక్కాలి. అక్కడ తమ పాత చీరలోంచి ఒక గుడ్డముక్క ఇస్తే, అది నాలుగు మండపాలు దిగి, మోకుకు కట్టిన బుట్టలో వాగు దాటి, నల్లగుట్ట మీది నాలుగు మండపాలు ఎక్కి అమ్మవారి పాదాలు చేరుతుంది. చేరగానే అక్కడ గంట మోగుతుంది. అది వినిపించేదాకా ఇవతలి భక్తుడు కదలకూడదు. తొందరపడి బస్సుకు పరిగెత్తేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ల మొక్కు లెక్కలోకి రాదు.

ఈమధ్య కంప్యూటరు పాఠాలు చెప్పే మాస్టార్లు కూడా విద్యార్థులను వెంటబెట్టుకుని వస్తున్నారు. ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు సమాచారం వెళ్లేది ఇలా పొరలు పొరలుగానేనని వాళ్లు చెబుతారు. పంపేచోట ఒక్కో పొర తన వంతు మూట కడుతుంది. అందుకునేచోట అదే పొర ఆ మూట విప్పుతుంది. ఒకరు కట్టిన ముడిని మధ్యలో మరొకరు ముట్టుకోరు. పిల్లలకు ఈ పాఠం ఇక్కడ ఇట్టే తలకెక్కుతుందట. కథ తెలిసిన పెద్దలకు మాత్రం ఆ మండపాలను చూస్తే మనసు బరువెక్కుతుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, రెండు గుట్టల మీద రెండు పల్లెలు ఉండేవి. ఎర్రగుట్ట మీద కొమురవ్వ, నల్లగుట్ట మీద ఆమె చెల్లెలు సాయవ్వ. తల్లి చిన్నతనంలోనే పోతే కొమురవ్వే చెల్లెల్ని పెంచి, పెళ్లి చేసి వాగు దాటించింది. సాయవ్వకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. పురుడు నాటికి మా అక్క బొంత తెస్తుందని ఆమె ఊరంతా చెప్పుకుంది. తీరా ఆ వేళకు వాగు పోటెత్తింది, అక్క రాలేదు. నలుగురిలో తలవంపులైందని సాయవ్వ అలిగింది. వాగు మీద అలగలేక అక్క మీద అలిగిందని పెద్దలు ఇప్పటికీ అంటారు.

ఒకసారి పొంగితే ఆ వాగు వేసవి దాకా మనిషిని దాటనిచ్చేది కాదు. అందుకే మోకుకు కట్టిన బుట్టలో సరుకు దాటించే ఏర్పాటు రెండు పల్లెలకూ ఉండేది. బొంత మొత్తంగా పెడితే బుట్ట మోయలేదు కనుక కొమురవ్వ దాన్ని ముక్కలుగానే ఇచ్చింది. ఓదేలు అనే పెద్దమనిషి ఏ ముక్క పక్కన ఏది రావాలో తెలిసేలా దారపు ముడులు వేసి, ఒక్కో ముక్కనూ విడిగా చుట్టాడు. అతని తర్వాతి మనిషి పైన మోదుగాకు కప్పి, ఏ ఇంటికి పోవాలో గుర్తు పెట్టాడు. చివరి మనిషి బుట్టలో పెట్టి మోకు లాగాడు. అవతల ఇదే పని కిందినుంచి పైకి జరిగేది. మోకు లాగేవాడికి బుట్ట గట్టు చేరిందనే తెలుసు, సరుకు ఇల్లు చేరిందో లేదో తెలియదు. అది చెప్పవలసింది నల్లగుట్ట మీద ఓదేలుకు జోడీ అయిన ఐలయ్య. అన్నీ సరిగా వచ్చాయని చూసుకుని, అందిందని అతడు కబురు పెట్టాలి. ఆ కబురు రాకపోతే దారిలో పోయినట్టే లెక్క, మళ్లీ పంపాలి.

ముక్కలన్నీ వచ్చాయి. ఐలయ్య కబురు పెట్టబోతుంటే సాయవ్వ వద్దంది.

"తప్పు బిడ్డా. అందింది అనకపోతె వాళ్లు పోయిందనుకుంటరు" అన్నాడు ఐలయ్య.

"అనుకోనీ. నా బిడ్డ పురుడుకు రానామె, జరసేపు ఎదురు చూస్తె ఏం పోతది?"

బాలింత మాట కాదనలేక ఐలయ్య ఊరుకున్నాడు. సాయవ్వ ఆ ముక్కలు కలిపి కుట్టి, పాపను దాని మీదే పడుకోబెట్టుకుంది. లోలోపల ఆమెకు సంతోషమే. బెట్టు మాత్రం సడలలేదు.

కొన్నాళ్లకు మళ్లీ ముక్కలు వచ్చాయి. ఈసారివి అక్క పండగలకు కట్టుకునే చీరవి. సాయవ్వ మనసు చివుక్కుమంది. ఇంకొక్కసారి చూద్దాంలే అనుకుని వాటిని అటక మీద పడేసింది. చలి ముదిరింది. మూడోసారి వచ్చిన ముక్కలు మాసి, పలచబడి, పొగ వాసన వేస్తున్నాయి. ఒకదాని అంచున కాలిన మచ్చ ఉంది. చిన్నప్పుడు తానే దీపం తగిలించి కాల్చిన మచ్చ అది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కప్పుకుని పడుకున్న బొంత అది, అక్క ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బొంత.

సాయవ్వ పాపను ఐలయ్య చేతిలో పెట్టి గుట్ట దిగింది. మోకు పట్టుకుని మెడలోతు నీళ్లలో వాగు దాటింది. అందిందక్కా, అందిందక్కా అని అరుస్తూనే ఎర్రగుట్ట ఎక్కింది. గడపలో ఓదేలు కూర్చుని ఉన్నాడు. లోపల కొమురవ్వ గోనెపట్టా కింద కన్నుమూసి ఉంది.

"పొద్దున దాక అడిగింది తల్లీ, కబురు వచ్చిందా అని" అన్నాడతడు.

ఆ తర్వాత సాయవ్వ ఏడ్చిన ఏడుపుకు కొలత లేదు. ఒక్క మాట, పైసా ఖర్చు లేని మాట, పంపక దాచుకుంది. ఒకనాడు కలలో అక్క కనిపించి, "చెల్లె, బొంత అందిందా?" అని అడిగింది. సాయవ్వ అక్క కాళ్ల మీద పడింది. "నాకు చెప్పకున్నా సరే. ఎదురు చూసేటోళ్లకు చెప్పు" అని అక్క మాయమైంది. తెల్లవారి చూస్తే అటక మీది ముక్కల కింద చిన్న రాయి ఉంది. దాన్ని నల్లగుట్ట మీద అమ్మవారిగా నిలిపి, బతికినంత కాలం ఎవరికి ఏది వచ్చినా అందిందని కబురు పెట్టే పనిలోనే ఆమె ముసలిదైంది. ఆ మాటే అమ్మవారికి పేరైంది.

భక్తులిచ్చిన ముక్కలను నేటికీ బొంతలుగా కుట్టి పసిబిడ్డలకు ఇస్తారు. ఆ బొంత మీద పడుకున్న బిడ్డకు జ్వరబాధ ఉండదని, అమ్మను కొలిచినవారికి తెగిన చుట్టరికాలు మళ్లీ కలుస్తాయని నమ్మకం. యాత్రికులు ఇల్లు చేరగానే, చేరామని తమవారికి ఫోను చేసి చెప్పడం ఈ మొక్కులో భాగం.

సాయంత్రం గుడి మూసేముందు, బుట్టలో ఏమీ రాకపోయినా, పూజారి ఎర్రగుట్ట వైపు తిరిగి ఒకసారి గంట కొడతారు. అది కొమురవ్వ పంపిన మొదటి బొంతకు.