సుంకన్న నక్క కుదిర్చిన బొరియ బేరం

నల్లకొండ అడవిలో నక్క సుంకన్నది బొరియల బేరం. కాలికి మట్టి అంటకుండా ఒకరి బొరియ ఇంకొకరికి అంటగట్టి, మధ్యలో ఎండ్రకాయలు నంజుకోవడం అతని వృత్తి. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. తనంత తెలివైనవాడు అడవిలో లేడని అతని నమ్మకం.

ఆ యేడు కుందేలు చెవులమ్మ చిక్కులో పడింది. ఎలుగుబంటి దగ్గర అప్పు చేసి బొరియ తవ్వించుకుంది. పున్నమి పున్నమికీ ఒక తేనెపట్టు కట్టాలి. తేనెటీగల చేత కుట్టించుకోలేక పాపం ప్రాణం విసిగిపోయింది. అమ్మేద్దామంటే వచ్చేది అప్పుకే సరి, చేతికి చిల్లిగవ్వ మిగలదు. వాయిదా తప్పితే ఎలుగుబంటి ఊరుకోడు.

సంగతి విని సుంకన్న వాలిపోయాడు. బొరియ తనకిచ్చేస్తే ఇకమీద వాయిదాలన్నీ తనవేనన్నాడు. నిజానికి సాయంత్రానికల్లా దాన్ని ముళ్ళపందికి అంటగట్టాలని అతని ఎత్తు. వాయిదాలు ముళ్ళపంది కడుతుంది, కట్టకపోతే అప్పు కుందేలు పేరనే ఉంది గనుక తన్నులు కుందేలే తింటుంది.

"అలాగే అన్నా," అంది చెవులమ్మ. "కాకపోతే ఎలుగు మామకు కళ్ళు ఆనవు. గుమ్మానికి ఎవరి వాసన గట్టిగా ఉంటే అప్పు వాళ్ళదే అంటాడు. ఒకసారి ఒళ్ళు రుద్దేసి వెళ్ళు."

"ఓస్, ఇంతేనా చెల్లీ," అని సుంకన్న వీపూ పొట్టా తోకా అన్నీ రుద్దాడు. నక్క కంపు ముందు కుందేలు వాసన ఏపాటి? సాయంత్రం ముళ్ళపంది చేతా రుద్దిస్తే తన కంపూ పోతుందిలే అనుకున్నాడు. చెవులమ్మ వాగు దాటి వెళ్ళిపోయింది.

ముళ్ళపందికి బొరియ నచ్చింది. బుట్టెడు ఎండ్రకాయలు సుంకన్న చేతిలో పెట్టి, చెప్పినట్టే గుమ్మానికి నిష్ఠగా రుద్దింది. నాలుగు ముళ్ళు మట్టిలో దిగబడ్డాయి గానీ, దాని ఒళ్ళు గుమ్మానికి తగిలితేగా వాసన అంటడానికి. సుంకన్న అది చూడనేలేదు, ధ్యాసంతా బుట్ట మీదే.

పున్నమికి ఎలుగుబంటి వచ్చాడు. గుమ్మం వాసన చూశాడు, తుమ్మాడు, నేరుగా సుంకన్న ఇంటికి నడిచాడు. అప్పు చేసింది కుందేలనీ, కాపురముండేది ముళ్ళపంది అనీ, తాను ఉత్త మధ్యవర్తిననీ సుంకన్న మొత్తుకున్నాడు.

"ఉండేదెవరైతే నాకెందుకురా," అన్నాడు ఎలుగుబంటి. "గుమ్మం నీ కంపు కొడుతోంది. నా తేనెపట్టు ఏది?"

నక్కకు చెట్టెక్కడం రాదు. ఎలుగుబంటి కింద నిలబడి చూస్తుంటే రాక చస్తుందా? పట్టు పట్టుకుని దిగేసరికి తేనెటీగలు కుట్టి సుంకన్న ముఖం గుమ్మడికాయంత అయింది. ఇంటికి పోతే సొంత పెళ్ళామే, "ఎవరు కావాలండీ?" అని అడిగింది.

నీతి: పరాయి అప్పుతో వ్యాపారం చేసేవాడికి, ఏదో ఒక పున్నమికి ఆ అప్పు తనదే అవుతుంది.