గవ్వ పడని బల్ల

మా గురువు వీరాచారిగారికి సూటిగా జవాబు చెప్పడం చేతకాదు. టేకుకీ వేపకీ తేడా ఏమిటని అడిగినా సరే, "వెనకటికి ఒకాయన ఉండేవాడు" అని మొదలుపెట్టేవారు. పదిహేనేళ్ళు ఆయన దగ్గర వడ్రంగం నేర్చుకున్నాను. అవును, కాదు అనే రెండు మాటలు ఆయన నోట విన్నది చాలా తక్కువ. మొదట్లో నాకు చిరాకేసేది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు నా మీద అదే చిరాకు పడుతున్నారు, అది వేరే సంగతి.

ఆ రోజు ప్రశ్న అడిగింది సోమలింగం. మా అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు. ఆ విషయం మాకంటే వాడికే బాగా తెలుసు. ఒక పెద్దమనిషి చదరంగం ఆడుకోవడానికి బల్ల చేయించుకుంటున్నాడు. అరవై నాలుగు గళ్ళకీ నల్లటి జిట్రేగి చెక్కా, పచ్చటి పనస చెక్కా మార్చి మార్చి పొదిగి, వాడు నెల రోజులు వంచిన నడుం ఎత్తకుండా చేశాడు. తీరా ఆయన వచ్చి చూసి, "అంతా బాగుంది గానీ, ఒక పక్క అంచు కాస్త లోపలికి కోసెయ్యి బాబూ" అన్నాడు. ఎందుకండీ అంటే, "ఊరికే" అన్నాడు. సోమలింగానికి ఒళ్ళు మండిపోయింది. ఆయన అటు వెళ్ళగానే ఇటు గురువుగారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కారణం చెప్పరు, చెయ్యమంటారు. కారణం చెప్పనివాళ్ళ మాట మనం ఎందుకు వినాలి గురువుగారూ?"

మామూలుగా అయితే ఆయన చెక్కకి చిత్రిక పడుతూనే కథ చెప్పేవారు. ఆ రోజు చిత్రిక పక్కన పెట్టేశారు. ఇది ఎవరో వెనకటి ఆయన కథ కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. ఆయనలా నిదానంగా చెప్పడం నావల్ల కాదు.

గురువుగారికి నలభై ఏళ్ళప్పుడు వెంకాయమ్మ అనే ఆవిడ కార్ఖానాకి వచ్చింది. అరవై దాటిన మనిషి. "ఆచారిగారూ, అష్టా చెమ్మా ఆడుకోవడానికి ఒక బల్ల కావాలి. కుర్చీలో కూర్చుని ఆడేట్టు ఉండాలి" అంది. ఈయన నవ్వారు. నాలుగు గవ్వలు, నాలుగు చింతపిక్కలు, ఒక సుద్దముక్క ఉంటే అయిపోయే ఆటకి బల్లేమిటమ్మా అన్నారు. ఆవిడ నవ్వలేదు. "మా అక్కకి మోకాళ్ళు పోయాయండీ. నేల మీద కూర్చోలేకపోతోంది. ఆట మాత్రం ఆగిపోకూడదు" అంది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, పెద్ద తోడికోడలు. పేరు సూరాంబ. ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చి, ఒకే పొయ్యి దగ్గర ముప్ఫై ఏళ్ళు వండి వార్చారు. ఇప్పుడు ఇద్దరి మగవాళ్ళూ లేరు. ఇంటి మధ్య గోడ లేచింది. గోడ లేవడానికి కారణం వెంకాయమ్మ నోరే. అత్తగారు పోయిన రోజున, పదిమంది చూస్తుండగా, "వేళకి మందు పొయ్యకుండా నువ్వే చంపుకున్నావు" అని పెద్దావిడని అనేసింది. సూరాంబ మారు మాట అనలేదు. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. ముసలావిడ ఆ పూట మందు తనే వద్దని తోసేసిందని నెల తిరక్కుండానే వెంకాయమ్మకి తెలిసింది. తెలిసి ఏం లాభం! అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఉండేది, నోరు వచ్చేది కాదు. ఈ సంగతి గురువుగారికి చాలా తరవాత తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టే కథలంటే నాకు గిట్టదు.

మాటల్లేకపోయినా ఆట మాత్రం మానలేదు. రోజూ భోజనాలయ్యాక ఇద్దరూ వీధి అరుగు మీదికి వచ్చి ఎదురెదురుగా కూర్చునేవారు. అరుగు రాతి మీద ఎప్పుడో అత్తగారు చెక్కించిన గళ్ళు ఉన్నాయి. ఆవిడ పెట్టిన నియమం కూడా ఒకటి ఉంది. కొత్త కోడళ్ళుగా ఉన్నప్పుడు ఇద్దరికీ కింద పడిన గవ్వని ఎత్తేటప్పుడు నెమ్మదిగా తిరగేసే తెలివి ఉండేదట. అందుకని ముసలావిడ, గవ్వ గళ్ళు దాటి అరుగు కింద పడితే వేసినవాళ్ళు తియ్యకూడదని, ఎదుటివాళ్ళే తీసివ్వాలని, ఊరికే చెయ్యి చాపకుండా నోరారా వరస పెట్టి పిలిచి అడగాలని కట్టడి చేసింది. అత్తగారు పోయినా ఆ కట్టడి పోలేదు. గవ్వ పడితే వెంకాయమ్మ "అక్కా, గవ్వ" అనేది. సూరాంబ తీసి, "ఇంద చెల్లీ" అని చేతిలో పెట్టేది. పదకొండేళ్ళలో ఆ ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఆ నాలుగే.

కొలతలకి వెళ్ళిన రోజున గురువుగారు ఆ ఆట చూశారు. ఆ నాలుగు మాటలూ చెవులారా విన్నారు. సూరాంబగారు ఒక ఎత్తు పీట మీద కాళ్ళు బార్లా చాపుకుని, ఆపసోపాలు పడుతూ కూర్చుని ఉన్నారు. ఒక్క ఆటలో గవ్వ నాలుగైదుసార్లు అరుగు అంచు దాటింది. వేసింది ప్రతిసారీ వెంకాయమ్మే. గవ్వ దూరంగా దొర్లిపోయేది కూడా కాదు, పక్కనున్న మెట్టు మీద, సూరాంబగారి చేతికి అందేంతలోనే పడేది. పాపం ఆవిడ "అమ్మా" అని మూలుగుతూ పక్కకి వంగి తీసిచ్చేది. చిన్నావిడకి చెయ్యి వణుకుతోందని, పెద్దావిడ వంగలేక చస్తోందని ఈయనకి అర్థమైంది. "నాకు అంతే అర్థమైందిరా. కళ్ళు పెట్టుకుని చూసి, అంతే అర్థం చేసుకున్నాను" అన్నారు మాతో.

ఇక బల్ల సంగతి చెప్పాలంటే, మా కార్ఖానాలో అలాంటి పని మళ్ళీ జరగలేదు. సూరాంబగారు కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ఆవిడ వైపు అడ్డపట్టీ లేకుండా చేశారు. ఇరవై అయిదు గళ్ళూ పనస చెక్కతో పొదిగారు. కాయని చంపడానికి వీల్లేని గళ్ళలో అడ్డగీతలు జిట్రేగితో వేశారు. చింతపిక్కలు పెట్టుకోవడానికి ఇద్దరికీ చెరో చిన్న సొరుగు. అన్నిటికంటే ముఖ్యం, చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు గట్టు. లోపలివైపు ఏటవాలుగా చెక్కి, దాని మీద మెత్తటి ఉన్ని బట్ట అతికించారు. ఆ గట్టు కోసం మూడుసార్లు చెక్క మార్చారు. వంద గవ్వలు వేసి చూసుకున్నారు, ఒక్కటి బయటికి పోలేదు. ఆ గట్టు వెంకాయమ్మ అడిగింది కాదు. ఈయన సొంత ఆలోచన.

బల్ల అరుగు మీద పెట్టిన రోజున ఈయన దగ్గరుండి ఆడించారు. వెంకాయమ్మ గవ్వలు వేసింది. ఒక గవ్వ దొర్లి, గట్టుకి తగిలి, వెనక్కి వచ్చి గళ్ళలో పడింది. రెండోసారి కాస్త గట్టిగా వేసింది, అదీ వెనక్కి వచ్చింది. మూడోసారి విసిరినట్టే వేసింది. "ఎంత గట్టిగా వేసినా పోదమ్మా!" అని ఈయన మురిసిపోయారు. సూరాంబగారు గట్టు మీద చెయ్యి వేసి ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరి, "బాగా కుదిరింది ఆచారిగారూ" అన్నారు. ఆట అయ్యేదాకా ఎవరూ ఏమీ అనలేదు.

పదిహేను రోజులకి వెంకాయమ్మ కార్ఖానాకి వచ్చింది.

"గవ్వ గట్టుకి తగిలితే చప్పుడవుతోందండీ. ఆ గట్టు తీసేస్తారా?"

"ఉన్ని బట్ట వేశానమ్మా, చప్పుడెక్కడిది?"

"చెయ్యి అడ్డం తగులుతోంది మరి."

"మీ ఇద్దరి మోచేతులూ కొలిచే కదమ్మా పెట్టాను. తగలదు."

ఆవిడ సరేలెండి అని వెళ్ళిపోయింది. ఆవిడకి కొత్త బల్ల ఇంకా అలవాటు కాలేదనుకున్నారు ఈయన. నెల పోయాక మళ్ళీ వచ్చింది. ఈసారి వంకలేమీ పెట్టలేదు. "ఒక్క పక్కే తీసెయ్యండి. మా అక్క కూర్చునే పక్కన" అంది. ఎందుకో చెప్పమ్మా అన్నారు. ఆవిడ నిలబడి, పమిట కొంగు వేలికి చుట్టుకుని, విప్పుకుని, చివరికి "ఊరికేనండీ" అంది. ఈయనకి కోపం వచ్చింది. మా గురువుగారికి కోపం వస్తే గొంతు పెరగదు, 'గారు' ఎక్కువవుతుంది.

"ఊరికే తియ్యడానికి అది తడిక కాదండీ వెంకాయమ్మగారూ. ఆ గట్టు తీస్తే గవ్వ నిలవదు. మీ అక్కగారు మళ్ళీ వంగాలి. ఆవిడ మోకాళ్ళ గురించి నేను ఆలోచించినంత కూడా మీరు ఆలోచించడం లేదండీ."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. చెబుతున్నప్పుడే ఆయన మొహం చూడలేకపోయాం. వెంకాయమ్మ తల వంచుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయిందట. మళ్ళీ రాలేదు.

ఆ వానాకాలంలోనే సూరాంబగారు పోయారు. జ్వరం వచ్చి వారం రోజులు మంచాన ఉన్నారు. కబురు తెలిసి గురువుగారు పలకరించడానికి వెళ్ళారు. వెంకాయమ్మ అరుగు మీద బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. ఏదో ఒకటి అనాలి కదా, అందుకని, "పోయేముందు ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకునే ఉంటారు లెండి అమ్మా" అన్నారు.

"ఎలా మాట్లాడతానండీ ఆచారిగారూ? గవ్వ కింద పడితే కదా!"

ఈయనకి తల తీసేసినట్టయింది. అప్పుడు చెప్పింది ఆవిడ, అంతా. మందు సంగతి చెప్పింది. తను కావాలనే గవ్వ అంచు దాటించేదని, అక్కకి నొప్పి కాకుండా చేతికి అందేంతలో వేసేదని చెప్పింది. "అక్కా, గవ్వ" అన్న తరవాత ఇంకొక్క మాట అనాలని రోజూ అనుకునేదట. రాతి గళ్ళ మీద ఆడిన చివరి రోజుల్లో "అక్కా, గవ్వ... మెల్లిగా" అనేదాకా వచ్చిందట. దానికి సూరాంబగారు ఒకసారి నవ్వారట. ఇంకొన్నాళ్ళు సాగితే మిగతాది కూడా అనేసేదాన్నే అంది. ఈలోగా బల్ల వచ్చింది.

"మంచం పక్కనే ఉన్నానండీ వారం రోజులూ. తలెత్తి నీళ్ళు పట్టాను, పక్క దులిపాను. ఆవిడకి ఆఖరి దాకా మాట పోలేదు. నన్నే చూస్తూ ఉంది. నాకే నోరు పెగల్లేదు. గవ్వ లేకుండా ఏమని పిలవను?"

గురువుగారు లేచి, ఇప్పుడే ఉలి తెచ్చి గట్టు తీసేస్తానన్నారు. అదేం మాటో ఆయనకే తెలియదు. వెంకాయమ్మ కోప్పడలేదు. "ఇప్పుడెందుకు లెండి" అని, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు తాగడం తన వల్ల కాలేదని, తాగకుండా వచ్చెయ్యడమూ తన వల్ల కాలేదని మాతో చెప్పారు.

నాకు ఏడుపు వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సోమలింగం అంత తొందరగా ఓడిపోయేవాడు కాదు. అయినా వాడికి గురువుగారంటే ప్రాణం. ఆయన తనని తాను అలా నిందించుకుంటుంటే చూడలేకపోయాడు.

"అది మీ తప్పెలా అవుతుంది గురువుగారూ? ఆవిడ ఉన్న సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే మీరు ఆ రోజే తీసేసేవారు కదా!"

గురువుగారు చిత్రిక అందుకున్నారు. చెక్క మీద పెట్టారు గానీ తొయ్యలేదు.

"చెప్పుకోగలిగిందే అయితే నా దగ్గరికెందుకు వస్తుందిరా? వాళ్ళక్కకే చెప్పుకునేది" అన్నారు.